ఊరి గాలిని ఊరివాళ్ళే కొలవాలి

స్మార్ట్ సిటీల మొదటి జాబితా 2016 జనవరిలో వచ్చింది. ఇరవై ఊళ్ళలో మన విశాఖపట్నం ఒకటి, కాకినాడ ఇంకొకటి. కేంద్రం ఊరికి 500 కోట్లు ఇస్తుంది, రాష్ట్రం వైపు నుంచి అంతే వెయ్యాలి, ఐదేళ్ళలో పని అయిపోవాలి అన్నది లెక్క. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి 2025 మార్చి 31తో మిషన్ ముగించారు. ఈలోగా విశాఖకి వచ్చినవి చాలానే ఉన్నాయి, లేవంటే అబద్ధం. కూడళ్ళలో కెమెరాలొచ్చాయి, ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ళ మీద రెండు మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు వచ్చింది, ఊరంతటినీ ఒకేచోట కూర్చుని చూసే, గోడంత తెరలున్న కమాండ్ సెంటర్ వచ్చింది. వంద స్మార్ట్ సిటీల్లోనూ అలాంటి సెంటర్ ఒకటి కట్టారు. కరోనా రోజుల్లో చాలాచోట్ల వాటినే వార్ రూములుగా వాడారు, అప్పుడు నిజంగానే అక్కరకొచ్చాయి.

నాకున్న గొడవ వేరే. మన వీధి మొత్తం ఆ తెరల్లోకి వెళ్తోంది, ఆ తెరల్లోంచి మన వీధికి మాత్రం ఏమీ తిరిగి రావట్లేదు. మా వార్డులో ఏ కాలువ ఎన్నిసార్లు పొంగిందో, ఏ నెలలో గాలి ఎలా ఉందో, నీళ్ళు ఎన్ని గంటలొచ్చాయో ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటుంది. దాన్ని చదివి, ఇది తప్పుగా ఉందే అని చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న ఊరిది. ఏటా వేలమంది పిల్లలు కంప్యూటర్లు చదివి బయటికొస్తున్న ఊరు. అయినా ఊరి గురించి ఒక అంకె అడిగితే, నిలబడి చెప్పేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

అందుకే అంటున్నా, ఇకముందు ఊళ్ళో ఏ కొత్త డిజిటల్ హంగు తెచ్చినా, దానికంటే ముందు మనకి కావలసింది స్థానికంగా ఒక టెక్నాలజీ బృందం. స్టార్టప్పుల సంగతి చెప్పట్లేదు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, రిటైరైన పోర్టు ఉద్యోగి, టీవీలు బాగుచేసే మెకానిక్, సైన్సు మాష్టారు, వార్డు సచివాలయంలో పనిచేసే అమ్మాయి, వీళ్ళందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని తమ ఊరిని తాము కొలుచుకోవడం, ఆ కొలతలతో అధికారుల ముందుకెళ్ళి మాట్లాడటం. ఇంకో మాట కూడా చెప్తాను, దీన్ని కొంతమంది మిత్రులు ఒప్పుకోరు. అలాంటి బృందాన్ని టెక్నాలజీ చుట్టూ కట్టలేం. ఊరివాళ్ళందరికీ తెలిసిన, ఎవరికీ సరైన జవాబు లేని ఒక ప్రశ్న చుట్టూ మాత్రమే కట్టగలం.

మా విశాఖ వన్‌టౌన్‌లో ఆ ప్రశ్న దుమ్ము.

విశాఖ బయట ఉన్నవాళ్ళకి బీచ్ రోడ్డు, కైలాసగిరి, ఋషికొండ తెలుసు. కోటవీధి, చెంగల్రావుపేట, జ్ఞానాపురం, మల్కాపురం వైపు మేడల మీద పొద్దున్నే వేలితో గీస్తే నల్లగీత పడుతుందన్న సంగతి చాలామందికి తెలీదు. పోర్టులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది. చుట్టూ రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, లారీలు. పైగా మన ఊరు కూర్చున్న తీరే అలాంటిది. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క సింహాచలం కొండల వరస, మధ్యలో గిన్నెలాంటి పల్లం. కాలుష్యం మీద పరిశోధన చేసినవాళ్ళు ఈ ప్రాంతాన్ని బౌల్ ఏరియా అనే రాస్తారు. చలికాలం రాత్రుళ్ళు గాలి కదలకపోతే అందులో పడింది అందులోనే ఉండిపోతుంది. 2019లో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితాలో విశాఖ పేరు ఉంది. అయినా కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్లో ఇరవైనాలుగు గంటలూ గాలిని కొలిచే స్టేషన్ అని చూస్తే, చాలా ఏళ్ళపాటు ఈ ఊరి పేరు మీద కనబడింది ఒకటే. ఇంత పొడుగూ వెడల్పూ ఉన్న ఊరికి, కొండలూ సముద్రమూ ఫ్యాక్టరీలూ కలగాపులగంగా ఉన్న ఊరికి, ఒకచోట కొలిచిన గాలి అందరి గాలీ ఎలా అవుతుంది? మద్దిలపాలెంలో పీల్చే గాలి వేరు, మల్కాపురంలో పీల్చే గాలి వేరు. ఈ ముక్క చెప్పడానికి సైంటిస్టు అక్కర్లేదు.

ఇక్కడ జర్మనీలోని స్టుట్‌గార్ట్ ఊసెత్తాలి. కార్ల ఊరు అది, మెర్సిడెస్, పోర్షె పుట్టిల్లు. అదీ మనలాగే కొండల మధ్య గిన్నెలో ఉన్న ఊరే, దుమ్ము గొడవ అక్కడా ఉంది. 2015లో అక్కడి కుర్రాళ్ళు కొందరు, ప్రభుత్వ స్టేషన్లు చాలవు, మన బాల్కనీల్లో మనమే కొలుద్దాం అని మొదలుపెట్టారు. లుఫ్ట్‌డాటెన్ అన్నారు దాన్ని, తరవాత సెన్సర్ కమ్యూనిటీ అని పేరు మారింది. ఇప్పుడది ఎన్నో దేశాలకి పాకింది. వాళ్ళ డిజైన్ ఎవరైనా వాడుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఉచితం, వచ్చిన అంకెలన్నీ అందరికీ కనబడతాయి. నాకు అందులో బాగా నచ్చింది ఆ పెట్టె. అసలు పెట్టే ఉండదు. ప్లంబర్లు వాడే పీవీసీ పైపు బెండ్లు రెండు ఒకదాంట్లో ఒకటి దూర్చి, మూతులు కిందికి ఉండేలా కడతారు. వాన లోపలికి రాదు, గాలి వస్తుంది. లోపల ఎస్‌డీఎస్011 అనే దుమ్ము సెన్సర్, నోడ్‌ఎంసీయూ అనే చిన్న వైఫై బోర్డు, తేమ కొలిచే ఇంకో చిన్న ముక్క. మొబైల్ ఛార్జర్ కరెంటే సరిపోతుంది. మొత్తం కలిపి నాలుగైదు వేలలో అయిపోతుంది. బెండ్లు మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, మిగతావి ఆర్డర్ పెట్టుకోవాలి.

మేం కొందరం ఇది చూసి మొదలుపెట్టాం. ఎంతమందిమో చెప్పుకునేంత గుంపేం కాదు. ఆదివారం పొద్దున్న పూర్ణా మార్కెట్ దగ్గర ఒక టీవీ మెకానిక్ షాపులో కూర్చుంటాం. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. పాత టీవీలు రావడం తగ్గిపోయాక మిక్సీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాడు. ఈ బృందం ఎందుకు కావాలో నాకు పూర్తిగా అర్థమైంది ఆ షాపులోనే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

కాలేజీ పిల్లలు మొదటి సెన్సర్ కట్టినప్పుడు ముక్కల్ని జంపర్ వైర్లతో కలిపారు. ల్యాబ్‌లో అందరూ చేసేది అదే, గుచ్చితే అయిపోతుంది. బాబాయ్ చూసి, "ఒరేయ్, ఇది మేడ మీదెడితే నెల తిరక్కుండా పిన్నులు పచ్చబడిపోతాయి రా, మనది ఉప్పు గాలి" అన్నాడు. అన్నట్టే అయింది. అంకెలు రావడం ఆగి ఆగి వచ్చేవి, కుర్రాళ్ళు కోడ్‌లో తప్పేమో అని రాత్రంతా వెతికారు. తప్పు కోడ్‌లో లేదు, పిన్ను మీద ఉన్న ఆకుపచ్చ చిలుములో ఉంది. తరవాత ఆయనే ప్రతి అతుకూ సోల్డర్ చేసి, పైన సన్నగా వార్నిష్ పూసి ఇచ్చాడు. పైపు మూతికి దోమతెర ముక్క కట్టమన్నదీ ఆయనే, లేకపోతే లోపల సాలెపురుగు గూడు కడుతుంది, సెన్సర్‌కి సాలెపట్టు కూడా దుమ్ములాగే కనబడుతుంది. స్టుట్‌గార్ట్ వాళ్ళ పేజీలో మన ఉప్పు గాలి సంగతి ఎందుకుంటుంది? ఆ జ్ఞానం మన వీధిలోనే ఉంది. దాన్ని కాలేజీ పిల్లవాడి లాప్‌టాప్ పక్కన కూర్చోబెట్టే చోటు మాత్రం లేదు.

తేమ సంగతి ఇంకా పెద్దది. ఈ చవక సెన్సర్ లేజర్ కాంతితో పనిచేస్తుంది, రేణువు మీద కాంతి పడి ఎంత చెదిరిందో చూసి దుమ్ము లెక్క కడుతుంది. గాల్లో తేమ ఎక్కువైతే రేణువులు నీళ్ళు పట్టి ఉబ్బుతాయి, ఉబ్బిన రేణువు ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది, సెన్సర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తయారీదారు ఇచ్చిన కాగితంలోనే తేమ 70 శాతం దాటితే వాడొద్దని ఉంది. మన విశాఖలో తేమ 70 శాతం లోపు ఉండే గంటలెన్ని? తెల్లవారుజామున తొంభై దాకా పోతుంది. అంటే ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే, వన్‌టౌన్ గ్యాస్ ఛాంబర్ అయిపోయింది అని గోల చెయ్యొచ్చు గానీ, ఒక్క అధికారి గట్టిగా అడిగితే నిలబడలేం. పైగా ఈ రకం సెన్సర్ సన్న దుమ్మునే కాస్త నమ్మకంగా చూస్తుంది, బొగ్గు పొడిలాంటి ముతక దుమ్ము చాలావరకు దాని కంట పడదు. లేజర్ ఆయుష్షు 8,000 గంటలు, ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు, అందుకని రెండు మూడు నిమిషాలకోసారి లేపి, కొలిపించి, పడుకోబెట్టాలి.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఒక పరికరం ఏం చూస్తుందో, ఏం చూడదో తెలుసుకోవడమే డిజిటల్ చదువు అని నా నమ్మకం. పెద్ద తెర మీద పచ్చరంగు కనబడగానే అంతా బాగుంది అనుకోకుండా, ఆ పచ్చరంగు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏ సెన్సర్, ఎక్కడ పెట్టారు, ఎప్పుడు సరిచూశారు అని అడగడం రావాలి. మా పిల్లలిప్పుడు ఆ ప్రశ్నలు అడుగుతున్నారు. ముందు వాళ్ళ సొంత సెన్సర్‌ని అడిగారు, ఇప్పుడు ఊరి అంకెల్ని అడుగుతున్నారు. ఏ కోర్సులోనూ ఇది చెప్పరు.

కోటవీధి దగ్గర ఒక పెద్దావిడ మేడ మీద సెన్సర్ కట్టడానికి వెళ్ళినప్పుడు ఆవిడ పైకొచ్చి, "ఇది ఏటి చెప్తాది బాబూ?" అని అడిగింది. దుమ్మెంతుందో చెప్తుందమ్మా అంటే, "అది నాకు తెలీదేటి? పడమటి గాలి తిరిగినరోజు వడియాలెట్టను" అంది. మా పిల్లల్లో ఒకమ్మాయి వెంటనే నోట్‌బుక్ తీసి, ఏ నెలల్లో అలా ఉంటుంది, పొద్దునా సాయంత్రమా, బట్టలు ఏ పక్క ఆరేస్తారు అని అడిగి రాసుకుంది. మన సెన్సర్ చూడలేని ముతక దుమ్ము గురించి మాకు దొరికిన మొదటి నమ్మదగ్గ సమాచారం అది. ఇప్పుడు ఆ వీధిలో నలుగురు ఆడవాళ్ళు క్యాలెండర్ మీద గుర్తులు పెడుతున్నారు, మేడ తుడిచిన గుడ్డ నల్లగా వచ్చిందా లేదా అని. ఒక స్టీలు పళ్ళెం పక్కన పెట్టి, వారానికోసారి అందులో పడ్డ పొడి తూకం వేస్తున్నాం. ఎంత ఘనంగా డాష్‌బోర్డు కట్టుకున్నా, ఆ క్యాలెండర్ లేకపోతే అంకెలకి అర్థం లేదు.

ఇదే 2016లో జరగొచ్చు కదా, ఎందుకు జరగలేదు? నాకు తోచింది చెప్తాను. స్మార్ట్ సిటీ పనుల్ని కార్పొరేషన్ నేరుగా చెయ్యలేదు. కంపెనీల చట్టం కింద ప్రతి ఊరికీ ఒక ప్రత్యేక కంపెనీ పెట్టారు, రాష్ట్రానికి సగం వాటా, కార్పొరేషన్‌కి సగం. పని త్వరగా అవ్వాలని అలా పెట్టామన్నారు. సరే, కానీ కంపెనీ బోర్డు మీటింగులోకి వార్డు మనిషి వెళ్ళలేడు. ఇంకా ఘోరం ఏంటంటే, మన జీవీఎంసీకి, అంటే విశాఖ కార్పొరేషన్‌కి, 2012లో పాలకవర్గం గడువు తీరిపోయింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే స్మార్ట్ సిటీ ప్రతిపాదన రాసినప్పుడూ, డబ్బులొచ్చినప్పుడూ, టెండర్లు పిలిచినప్పుడూ ఊరికి ఎన్నికైన మేయరు లేడు, కార్పొరేటర్లు లేరు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలు ఉండాలంది, 1993 నుంచి అమల్లో ఉంది. అవి నిజంగా నడిచిన వార్డు ఒకటి చూపించండి. జనం అభిప్రాయం ఆన్‌లైన్లో తీసుకున్నారు, అదీ నిజమే. ఫోన్లో ఒక బటన్ నొక్కించుకోవడమే జనభాగస్వామ్యం అనుకున్నప్పుడు, ఊరు ఆ బటన్ దగ్గరే ఆగిపోతుంది.

తప్పంతా ప్రభుత్వానిదే అని వదిలెయ్యలేను, మన టెక్నాలజీ వాళ్ళ వైపు కూడా చాలా ఉంది. ఈ ఊళ్ళో ఎన్ని హ్యాకథాన్లు జరిగాయో! రెండ్రోజులు నిద్ర మానుకుని, పిజ్జాలు తిని, చెత్త సేకరణకి యాప్, పార్కింగ్‌కి యాప్, గుంతలకి యాప్. బహుమతి చెక్కుతో ఫొటో దిగాక, ఆ యాప్ సర్వర్ బిల్లు మూడో నెలలో ఎవరు కడతారు? ఎవరూ కట్టరు. మీటింగులు ఋషికొండ వైపు హోటళ్ళలో పెడతారు, మల్కాపురం నుంచి అక్కడికి రెండు బస్సులు మారి వెళ్ళాలి. మాట్లాడేది ఇంగ్లీషులో. మా బాబాయ్ లాంటివాడు గుమ్మం దాకా వచ్చినా లోపలికి రాడు. నడిపే పిల్లలు ఫైనలియర్ అవగానే హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతారు, గ్రూపులో "మిస్ యూ గైస్" అని ఒక మెసేజ్, అక్కడితో ఆ గుంపు కథ ముగుస్తుంది. వెళ్ళొద్దని నేననను, ఉద్యోగం అక్కడుంటే అక్కడికే వెళ్తారు. అందుకే ఊరు వదిలి వెళ్ళని మనుషులు బృందానికి వెన్నెముకగా ఉండాలి. మెకానిక్కులు, మాష్టార్లు, గృహిణులు, రిటైరైనవాళ్ళు. పిల్లలు వస్తూ పోతూ ఉంటారు, వాళ్ళు నేర్పింది, రాసిపెట్టింది ఇక్కడ ఉండాలి. రాసిపెట్టడం అంటే తెలుగులో రాసిపెట్టడం.

తెలుగువాళ్ళకి ఇది చేతకాదు అనేవాళ్ళతో నేను అస్సలు ఒప్పుకోను. ఇరవై ఏళ్ళ కిందట కంప్యూటర్లో తెలుగు టైపు చెయ్యడమే పెద్ద పని. అప్పుడు ఎవరి ప్రాజెక్టూ లేకుండా, ఎవరి డబ్బూ లేకుండా కొంతమంది తెలుగులో టైపు చేసే లేఖిని కట్టారు, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపే కూడలి కట్టారు, 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాని వ్యాసం తరవాత వ్యాసం రాసి నింపారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు స్టాల్ పెట్టి, వచ్చినవాళ్ళకి తెలుగులో ఎలా టైపు చెయ్యాలో నిలబడి చూపించారు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు కంప్యూటర్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చారు. ఈ బ్లాగు మీరిప్పుడు తెలుగులో చదువుతున్నారంటే ఆ పునాది మీదే చదువుతున్నారు. వాళ్ళని కలిపింది ఒక్కటే, మా భాషలో మేమెందుకు రాసుకోలేం అన్న ప్రశ్న.

పక్కన కేరళ చూడండి. 2018 ఆగస్టు వరదల్లో కేరళ రెస్క్యూ అనే వెబ్‌సైట్‌ని వాలంటీర్లు, అక్కడి ప్రభుత్వ ఐటీ మిషన్ కలిసి నిలబెట్టారు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారు, ఏ క్యాంపుకి ఏం కావాలి అన్నది అందులో నమోదయ్యేది, కోడ్ అందరికీ తెరిచే ఉంచారు, దేశం నలుమూలల్నుంచీ ప్రోగ్రామర్లు చెయ్యి వేశారు. అది ఒక్కరాత్రిలో పుట్టలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద అక్కడ ఏళ్ళ తరబడి జరిగిన పని ఉంది, బడుల్లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడించిన అలవాటు ఉంది. వరదొచ్చేసరికి మనుషులు ఒకరికొకరు తెలిసే ఉన్నారు. మనకి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి, రోజుల తరబడి ఎవరి సంగతీ ఎవరికీ తెలీలేదు. ఆ తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో ఊళ్ళో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి, మంచి పని. మనుషుల మధ్య తీగలు మాత్రం ఎవరూ వెయ్యలేదు.

2020 మే 7 సంగతి రాయకుండా ఈ వ్యాసం రాయలేను. తెల్లవారుజామున మూడింటి వేళ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరి వెంకటాపురం మీద పడింది. కనీసం పన్నెండుమంది పోయారు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్ళు రోడ్ల మీదే పడిపోవడం ఆ పొద్దున టీవీలో అందరం చూశాం. ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉండి కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పింది. అప్పటికి మనది స్మార్ట్ సిటీ అయి నాలుగేళ్ళు దాటింది. మా దుమ్ము సెన్సర్లు ఆ రాత్రి ఉన్నా స్టైరిన్‌ని పసిగట్టలేకపోయేవి, ఆ భ్రమ ఎవరికీ వద్దు. కానీ 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా ఉంది. అలాంటి ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న జనానికి, ఏ ప్రమాదం రావొచ్చో, వస్తే ఏం చెయ్యాలో ముందే చెప్పి ఉంచాలి. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా వెళ్ళాలి, గాలి పోయే దారిలోనే పరిగెత్తకూడదు అన్న ఒక్క సంగతి వీధిలో పదిమందికి తెలిసి ఉంటే, ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వరసగా కబురు వెళ్ళే ఏర్పాటుంటే? దీనికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. గాలి దిక్కు చూపే చిన్న పరికరం, తెలుగులో ఒక మ్యాపు, ఎవరి తలుపు ఎవరు కొట్టాలో రాసిన కాగితం, ఏడాదికి రెండుసార్లు రిహార్సల్. ఈ ఊళ్ళో ఇలాంటి ట్యాంకుల పక్కన బతుకుతున్న కాలనీలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. వాళ్ళ ఫ్యాక్టరీ తాలూకు ఎమర్జెన్సీ ప్లాన్ కావాలని సమాచార హక్కు కింద అడగడం, వచ్చినదాన్ని ఇంటివాళ్ళకి అర్థమయ్యేలా రాయడం, నా ఉద్దేశంలో స్మార్ట్ సిటీ పనుల్లో అన్నిటికన్నా ముందు జరగాల్సింది అదే.

ఇదంతా ప్రభుత్వం చెయ్యాల్సిన పని, మనమెందుకు చెయ్యాలి అని అడుగుతారు. ప్రభుత్వమే చెయ్యాలి, చెయ్యమని అడగడానికే ఇదంతా. ఉత్తచేతులతో వెళ్ళి సార్ దుమ్ము ఎక్కువగా ఉంది అంటే రాసుకుని పంపించేస్తారు. ఫలానా మూడు మేడల మీద, ఫలానా గంటల్లో, తేమ 70 లోపు ఉన్న సమయంలో, సన్న దుమ్ము, రోజువారీ సగటుకి మన దేశం పెట్టిన 60 మైక్రోగ్రాముల (క్యూబిక్ మీటరు గాలికి) గీత దాటిన రోజులివి, ఆ రోజుల్లో గాలి దిక్కు ఇది అని పట్టిక ముందు పెడితే మాట మారుతుంది. పట్టిక ముందు పెట్టినప్పుడు ఒక ఆఫీసులో ఇది మా మీటర్ కాదు కదా అన్నారు. మంచి మాటే అన్నారు. అందుకే మేం అడుగుతున్నది, మీ మీటర్ పక్కన మా సెన్సర్ రెండు నెలలు పెట్టనివ్వండి, రెండూ పోల్చుకుందాం, మాది ఎంత తప్పు చెప్తోందో తేల్చుకుని దిద్దుకుంటాం అని. వార్డు సచివాలయాల్లో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ అని ఒక ఉద్యోగం ఉంది, పేరులోనే పర్యావరణం ఉంది. మా వార్డులో ఆ అమ్మాయి మొదట అనుమానంగా చూసింది, ఇప్పుడు కాలువ పొంగిన తేదీలు తనే వచ్చి చెప్తోంది. కింది స్థాయి ఉద్యోగుల్ని శత్రువుల్లా చూసే బృందం ఎక్కడా నిలబడదు. ఊరి గురించి వాళ్ళకి తెలిసినంత మనకి తెలీదు.

ఇంకో వాదన ఈమధ్య ఎక్కువైంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది, డేటా సెంటర్లు వస్తున్నాయి, ఇంక ఈ పైపు బెండ్ల సెన్సర్లు ఎందుకు అని. రావాలి, ఉద్యోగాలు రావాలి, నేనూ కోరుకునేది అదే. కానీ డేటా సెంటర్ ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఊరి డేటా ఊరివాళ్ళ చేతికి రాదు. అలాంటి సెంటర్లకి కరెంటు, నీళ్ళు పెద్ద ఎత్తున కావాలి. ఎంత కావాలి, ఎక్కణ్ణుంచి తెస్తారు, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ అడుగంటిన ఎండాకాలంలో ముందు ఎవరికిస్తారు అని అడిగి, వచ్చిన జవాబుని అంకెలతో సరిచూడగలిగే మనుషులు అప్పుడు ఊళ్ళో ఉండాలా వద్దా? వాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడరు. ఇప్పుడు దుమ్ము కొలవడం నేర్చుకున్న పిల్లలే రేపు నీళ్ళ లెక్క అడుగుతారు.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. ఇలాంటి బృందానికి కోట్లు అక్కర్లేదు, కోట్లొస్తే పాడైపోతుంది కూడా, టెండర్ల వెనక పడుతుంది. కావలసింది చిన్నదే, కానీ ఆగకుండా రావాలి. ఒక గది, అద్దె కట్టక్కర్లేనిది. మన ఊళ్ళో శాఖా గ్రంథాలయాలున్నాయి, ఆదివారం పూట ఒక బల్ల ఇస్తే చాలు. వైఫై. పాడైన సెన్సర్లు మార్చడానికి ఏడాదికి కొంత. అన్నిటికన్నా ముఖ్యం, కార్పొరేషన్ దగ్గరున్న అంకెలు ఎవరైనా వాడుకునేలా, పీడీఎఫ్ ఫొటోల్లా కాకుండా పట్టికల్లా, ప్రతినెలా బయటపెట్టడం. కేంద్రం 2012లోనే ఇలాంటి ఓపెన్ డేటా విధానం ప్రకటించింది, సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ అడక్కుండానే ఇవ్వమని 2005 నుంచి చెప్తోంది. కెమెరాల సంగతి మాత్రం వేరు, మనుషుల ముఖాలు, బండి నంబర్లు, ఎవరు ఎక్కడ తిరిగారన్నది బయటికి రాకూడదు. ఊరి సమాచారం తెరిచి ఉండాలి, మనిషి సమాచారం మూసి ఉండాలి. ఈ తేడా గట్టిగా పట్టుకోని బృందంలో నేనుండను.

గాలి బాగా చెడేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఆలోపు మల్కాపురం, శ్రీహరిపురం, జ్ఞానాపురం, కంచరపాలెం వైపు ఇంకొన్ని సెన్సర్లు ఎక్కించాలి. అక్కడ మేడ ఉండి, ఒక ప్లగ్ పాయింటూ వైఫై అందే చోటూ ఉన్నవాళ్ళు చెప్పండి, మేమే వచ్చి కడతాం, ఇంట్లోవాళ్ళకి అంకెలు చదవడం చూపిస్తాం. సోల్డరింగ్ వచ్చినవాళ్ళు ఎంతమంది వచ్చినా ఇంకా కావాలి. సెన్సర్ పెట్టుకోలేనివాళ్ళు మేడ మీద ఒక స్టీలు పళ్ళెం పెట్టి, గోడ మీద ఒక క్యాలెండర్ తగిలించినా చాలు, పళ్ళెం తూకం మేం వేసిపెడతాం. కోటవీధి పెద్దావిడ తన క్యాలెండర్‌లో మొదటి పేజీ నింపి ఇచ్చేసింది, మిగతా వీధుల పేజీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.